గొప్పవాడు ఎవడు? నంద్యాల సంఘాల చరిత్రలో బిషప్ అజరయ్య

పాములపాడు మండలంలోని పల్లెల్లో పరిచర్య చేసే గురువులకు ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. "అయ్యగారూ, ఇంత చదివిన మిమ్మల్ని ఇక్కడికి వేశారేమి?" విశ్వాసులు ప్రేమతోనే అడుగుతారు. చదువుకున్న గురువు నంద్యాలలోనో కర్నూలులోనో ఉండాలని, పల్లెకు రావడమంటే తగ్గించబడటమని వారి భావం. విచారకరమైన సంగతి ఏమిటంటే, వేదాంత కళాశాలల నుండి వచ్చే యౌవనస్థులలో చాలామంది భావం కూడా అదే. సువార్త కూటాల కరపత్రాలలో బోధకుని పేరుకు ముందు చేర్చే బిరుదులేమో ఏటేటా పెరుగుతున్నాయి. కనుక క్రైస్తవ దృష్టిలో గొప్పతనమంటే ఏమిటన్న ప్రశ్నను, ఒకప్పుడు మన నంద్యాల సంఘాలకు కూడా బిషప్పుగా ఉన్న వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874–1945) జీవితం వెలుగులో పరిశీలించాలని మా ఉద్దేశం.

మార్కు సువార్త 10వ అధ్యాయంలో జెబెదయి కుమారులు ప్రభువు కుడి ఎడమల స్థానాలను అడిగారు. గొప్పవాడు కావాలనే కోరికను ప్రభువు అక్కడ నిషేధించలేదు. దానికి దారిని మార్చాడు. ఆయన వాడిన రెండు మాటలు గమనించదగినవి. మొదటిది డియాకొనోస్, అనగా బల్లయొద్ద వడ్డించేవాడు. రెండవది దూలోస్, అనగా బానిస. వడ్డించేవానికైనా కూలి ఉంటుంది, సాయంకాలం ఇల్లు ఉంటుంది. రోమా సామ్రాజ్యంలో బానిసకు తనదంటూ కాలం కూడా లేదు. పైగా ప్రభువు ఒక యజమానికి కాదు, అందరికీ దాసుడు కావాలన్నాడు. ఈ వాక్యభాగంపై ప్రసంగాలకు కొదువ లేదు. దానిని ఎవరైనా జీవించి చూపారా అన్నది సంఘచరిత్ర అడగవలసిన ప్రశ్న.

అజరయ్యగారు తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై గ్రామంలో ఒక గురువు ఇంట పుట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని పట్టా పొందలేదు. 1895 నుండి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశమంతటా తిరిగారు. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905 క్రిస్మస్ దినాన శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపించబడటంలో ముఖ్య పాత్ర వహించారు. ముప్పై ఏళ్లు దాటేసరికే ఆయన అఖిల భారత స్థాయి నాయకుడు. అటువంటివాడు 1909లో ఆ పదవిని విడిచి, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వెళ్లారు. అక్కడి భాష ఆయనది కాదు. తెలుగును ముప్పై ఐదేళ్ల వయస్సులో నేర్చుకోవలసి వచ్చింది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. మన పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడే ఆగి, ఇదే ఆయన గొప్పతనమని చెబుతాయి. మేము అంగీకరించలేము. "తొలి" అన్న మాట ఆయన గుణాన్ని చెప్పదు, ఆనాటి సంఘం ఎంత ఆలస్యం చేసిందో చెబుతుంది. ఒక భారతీయుని కింద తెల్ల మిషనరీలు పనిచేస్తారా అన్న సంశయం ఎంత బలంగా ఉన్నదంటే, మొదట ఆయనకు చిన్న డయోసిస్ మాత్రమే అప్పగించారు. కృష్ణా ప్రాంతపు సి.ఎం.ఎస్. సంఘాలు, కర్నూలు, కడప జిల్లాల ఎస్.పి.జి. సంఘాలు తరువాత వచ్చి చేరాయి. నంద్యాల, ముత్యాలపాడు సంఘాలు ఆయన పాలనలోనికి వచ్చింది ఆ విధంగానే.

ఆ అభిషేకానికి రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియావారు వేళ్లమీద లెక్కించదగినంత మంది. మిషనరీలు చేసిన త్యాగాన్ని నిండుగా ఒప్పుకొంటూనే, భారత క్రైస్తవులకు వారినుండి స్నేహం మాత్రం లభించలేదని ఆయన ముఖాముఖిగా చెప్పారు. కొందరు నొచ్చుకున్నారు. దాసత్వమంటే నోరు మూసుకొని ఉండటమని తలంచే విద్యార్థులు ఈ సంఘటనను జాగ్రత్తగా చదవాలి. ఆయన తనకొరకు ఆసనం అడగలేదు. అందరూ ఒకే బల్లయొద్ద కూర్చోవాలని అడిగారు.

డోర్నకల్‌లో ఆయన చేసిన పని ఎక్కువగా పాలెములలో, మాలపల్లెలలో, మాదిగపల్లెలలో జరిగింది. ఎడ్లబండిమీద, సైకిలుమీద వెళ్లి సంఘాలను దర్శించేవారు. బాప్తిస్మం పొందినవారిని తలమీద చెయ్యి పెట్టుకొమ్మని, సువార్త ప్రకటింపకపోతే తనకు శ్రమ అన్న అపొస్తలుని మాటను తమదిగా పలుకుమని చెప్పేవారు. ఊరిలో ఎన్నడూ నోరెత్తనివ్వని మనిషికి అది ఎంత పెద్ద మార్పో ఊహించండి! వంట చేసే స్త్రీ ప్రతి పూట పిడికెడు బియ్యం ప్రభువుకొరకు తీసిపెట్టే ఆచారాన్ని ప్రోత్సహించారు. (మా వైపు జొన్న పంట ఎక్కువ, గింజ మారినా పిడికిలి అదే.) ఒకరి దయమీద బ్రతికేవారిగా లెక్కించబడిన ప్రజలు ఈ పిడికిలితో ఇచ్చేవారయ్యారు. 1935 ప్రాంతానికి ఆ డయోసిస్‌లో సుమారు 250 మంది భారతీయ గురువులు, 2,000కు పైగా పల్లె ఉపదేశకులు ఉన్నారు. 1939లో ప్రతిష్ఠించబడిన డోర్నకల్ కెథెడ్రల్‌లో గుడి, మసీదు, చర్చి నిర్మాణ శైలులు కలిసి కనబడతాయి.

మా అభిప్రాయంలో ఆయన గొప్పతనానికి కొలత ఇక్కడ ఉంది. ఒక మనిషి ఎంత ఎత్తుకు ఎదిగాడని కాక, అతని వలన ఎవరు లేచి నిలబడ్డారని అడగాలి.

ఆయనను విమర్శించినవారూ ఉన్నారు. 1936–37లో దళితుల సామూహిక మారుమనస్సులను గాంధీగారు తీవ్రంగా ఆక్షేపించారు. అణగారినవారికి తమ విశ్వాసాన్ని ఎన్నుకొనే హక్కు ఉన్నదని అజరయ్యగారు నిలబడ్డారు. ఆయనే, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. తన ప్రజలకు రాజకీయ బలం రాబోతుంటే దానిని కాదనడం సులువైన పని కాదు. ఆ నిర్ణయం సరియైనదా అన్నది నేటికీ చర్చించదగినదే. అయితే అందులో స్వలాభం వెదకడం కష్టం.

నంద్యాల చరిత్రలో ఒక చేదు సంగతిని ఇక్కడ దాచకూడదు. 1919లో తరంగంబాడి సభనుండి మరణం వరకు అజరయ్యగారు సంఘ ఐక్యతకొరకు ప్రయాసపడ్డారు. 1945 జనవరి 1న ఆయన మరణించారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు, ఆయన స్వంత డయోసిస్‌లోని నంద్యాల ప్రాంతపు సంఘాలు మాత్రం వెలుపల నిలిచాయి. బిషప్పు హస్తనిక్షేపణ లేని గురుత్వాన్ని అంగీకరించడంపై వారి అభ్యంతరాలు నిజాయితీగలవే. 1963లో నంద్యాల ప్రత్యేక డయోసిస్ అయింది, 1970 దశకంలో ఐక్య సంఘంలో చేరింది. ఎంత గొప్ప సేవకుడైనా తన మందను బలవంతంగా తోలుకొని పోలేడు. ఇది అజరయ్యగారి వైఫల్యమని కొందరు వ్రాస్తారు. మార్కు 10ని బట్టి చూస్తే, ప్రజలమీద ప్రభుత్వము చేయని నాయకత్వానికి ఉండే వెల ఇదే.

చివరగా ఒక మనవి. అజరయ్యగారి పేరు లోకమెరుగును. ఆ 2,000 మంది ఉపదేశకుల పేర్లు ఎవరెరుగుదురు? పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు ప్రార్థన నేర్పి, కలరా వచ్చిన ఇంట శవం మోసినవారు వారు. నంద్యాల, ఆళ్లగడ్డ, ఆత్మకూరు వైపున, మా పాములపాడు చుట్టుపట్ల, వారి మనుమలు, మునిమనుమలు ఇంకా ఉన్నారు. పరిశోధనకు విషయం వెదకుతున్న బి.డి. విద్యార్థులు ఒక సెలవు నెల ఈ పల్లెల్లో గడపండి. పెద్దలను అడిగి పేర్లు వ్రాసుకొనండి. పాత బాప్తిస్మపు రిజిష్టర్లు మిగిలి ఉన్నచోట, చెదలు ముట్టకముందే నకలు తీయండి.