మాట వినెడి యంత్రము – రాజ్ రెడ్డిగారి కృషి, దాని ఫలము

భాషకు మాట, లిపి యని రెండు రూపములు కలవు. మాట తల్లియొడిలో అలవడును. లిపి బడిలో అలవడును. స్వరాష్ట్రమున నివసించువారికి ఈ రెండును సహజముగా లభించుటచే వాని భేదము అంతగా తోపదు. రాష్ట్రేతర ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి మాత్రము ఇది నిత్యానుభవము. కోవిలుపట్టి ప్రాంతపు నల్లరేగడి పల్లెలలోను, హోసూరు పరిసరములలోను, షోలాపురపు పద్మశాలీల వాడలలోను, బరంపురమునందును ఇంట తెలుగు మాటలాడుచు తెలుగక్షరము నెరుగని కుటుంబములు పెక్కులు కలవు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో తెలుగు తమ మాతృభాషయని చెప్పినవారు దేశమంతట 8 కోట్ల 11 లక్షలమంది. వారిలో తమిళనాటివారే 42 లక్షలమంది. ఆ సంఖ్య మాటను తెలుపునే కాని చదువును తెలుపదు.

నేడు స్మార్ట్‌ఫోను చేతబట్టి మాటలాడినచో అది విని, విన్నదానిని అక్షరములలోనికి మార్చి, అడిగినదానికి బదులు చెప్పుచున్నది. లిపి నెరుగనివానికి ఇది సామాన్యవిషయము కాదు. ఈ విద్య ఒక్కనాట పుట్టినది కాదు; ఒక్కరి వలన పుట్టినదియు కాదు. అయినను దీనికి పునాదులు వేసినవారిలో అగ్రగణ్యుడొకరు చిత్తూరు జిల్లాలోని తెలుగు పల్లెలో పుట్టి, చెన్నపట్టణమున చదివినవారగుట గమనింపదగినది. ఆయనయే దబ్బాల రాజగోపాల రెడ్డిగారు. లోకము వారిని రాజ్ రెడ్డి యని పిలుచును.

జననము – విద్య

రెడ్డిగారు 1937 జూన్ 13వ తేదీన చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిరి. అప్పటికి ఆ జిల్లా మదరాసు రాజధానిలోనిది. తండ్రి వ్యవసాయదారుడు. ఆ కుటుంబమున కళాశాల మెట్టెక్కిన మొదటివారు రెడ్డిగారే. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడి, చిత్తూరు జిల్లా అందు చేరెను. మదరాసు నగరము చేరలేదు. సరిహద్దు తగవు తీరి తిరుత్తణి అటును, సత్యవేడు ఇటును మారుట 1960 ఏప్రిల్ 1వ తేదీన జరిగెను. ఈ నడుమ కాలముననే చిత్తూరు జిల్లా విద్యార్థి యొకడు మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1958లో సివిల్ ఇంజనీరింగు పట్టము నందెను. 1794లో సర్వే పాఠశాలగా ప్రారంభమైన ఆ విద్యాలయము తెలుగు, తమిళ జిల్లాల కుర్రవాండ్రకు ఉమ్మడి విద్యాస్థానము. రాష్ట్రములు వేరైనను విద్యాబంధము తెగలేదనుటకు రెడ్డిగారి చదువే నిదర్శనము.

పిదప వారు ఆస్ట్రేలియా కేగి, న్యూ సౌత్ వేల్సు విశ్వవిద్యాలయమున 1960లో ఎం.టెక్. పూర్తిచేసి, కొంతకాలము ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిరి. తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ మెకార్తీ శిష్యులై, 1966లో డాక్టరేటు పట్టము నందిరి. కృత్రిమ మేధ యను శాస్త్రమునకు ఆంగ్లమున నామకరణము చేసినవాడు ఈ మెకార్తీయే. రెడ్డిగారి పరిశోధనగ్రంథ విషయము, కంప్యూటరు మానవవాక్కును గుర్తించుట. 1969లో వారు పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున చేరిరి.

సమస్య స్వరూపము

యంత్రమునకు మాట నేర్పుట ఎందుకు కష్టమో తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 'వాడు ఎక్కడ ఉన్నాడు' అను మూడు పదములను నోట పలికినపుడు 'వాడెక్కడున్నాడు' అని ఒక్కటే ధ్వనిప్రవాహమగును. వ్రాతలో కనబడు ఎడము పలుకులో లేదు. సంధి విడదీసి పదముల నేరుట బడిపిల్లలకే వ్యాకరణము చెప్పి నేర్పవలసిన పని. మనుష్యుడు అర్థము తెలిసి వినును గనుక అతనికి ఆ శ్రమ తోపదు. యంత్రమునకు చేరునది గాలి కదలికల కొలతలు మాత్రమే. పైగా అదే మాటను స్త్రీ పలికిన తీరు వేరు, పురుషుడు పలికిన తీరు వేరు. ఒకే వ్యక్తి ఉదయమున పలికినట్లు సాయంకాలమున పలుకడు.

కావున తొలినాటి యంత్రములు మూడు నిర్బంధములకు లోబడియుండెను. మాటకు మాటకు నడుమ ఆగి పలుకవలెను. ఏ వ్యక్తి మాటలాడునో ఆ వ్యక్తి గొంతును ముందుగా యంత్రమునకు అలవాటు చేయవలెను. పదములు కొద్దిగా మాత్రమే ఉండవలెను. రెడ్డిగారి కృషియు, వారి శిష్యుల కృషియు ఈ మూడు సంకెలలను ఒక్కొక్కటిగా తెంచిన చరిత్రయే.

నల్లబల్ల పద్ధతి

అమెరికా రక్షణశాఖవారి పరిశోధన సంస్థ 1971లో అయిదేండ్ల ప్రణాళిక నొకదానిని ప్రారంభించెను. వేయి పదముల పరిధిలో, ఆగకుండ పలికిన వాక్యములను, నూటికి పదికి లోపుగా తప్పులతో గ్రహింపగల యంత్రమును నిర్మించుట దాని లక్ష్యము. కార్నెగీ మెలన్‌లో రెడ్డిగారి బృందము 1973లో 'హియర్సే' అను వ్యవస్థను ప్రదర్శించెను. అది చదరంగపు ఎత్తులను నోట చెప్పగా విని గ్రహించునది. ఆగకుండ పలికిన మాటను గుర్తించిన తొలి వ్యవస్థలలో అది యొకటి.

దాని తరువాతి రూపమైన రెండవ హియర్సేలో ఒక నూతన పద్ధతి స్థిరపడెను. దానిని 'నల్లబల్ల పద్ధతి' యందురు. ధ్వనులెరిగిన నిపుణుడొకడు, అక్షరములెరిగినవా డొకడు, పదములెరిగినవా డొకడు, వాక్యనిర్మాణ మెరిగినవా డొకడు ఒకే నల్లబల్ల చుట్టు నిలిచినట్లు ఊహింపవలెను. ఎవనికి తోచిన ఊహను వాడు బల్లపై వ్రాయును; తక్కినవారు దానిని చూచి తమ ఊహలను దిద్దుకొందురు. ఎవ్వనికిని పూర్తి సమాధానము తెలియదు; అందరి వ్రాత చేరి సమాధానమగును. కంప్యూటరులో ఈ నిపుణులు వేర్వేరు కార్యక్రమములు. నల్లబల్ల ఉమ్మడి జ్ఞాపకస్థానము. వాగ్గ్రహణమునకై పుట్టిన ఈ పద్ధతి తరువాత కృత్రిమ మేధలోని ఇతర శాఖలకును వ్యాపించెను.

ఆ బృందముననే జేమ్స్ బేకర్ 'డ్రాగన్' అను వ్యవస్థను రచించెను. అందు నిపుణుల ఊహలకు మారుగా సంభావ్యతా గణితము ప్రధానము. ఏ ధ్వని తరువాత ఏ ధ్వని వచ్చుట కెంత అవకాశమున్నదో లెక్కించి, అన్నిటికంటె సంభవమైన వాక్యమును నిర్ణయించుట దాని మార్గము. ఈ రెండు మార్గముల గుణములను చేర్చి 1976లో బ్రూస్ లోవెర్ 'హార్పీ'ని నిర్మించెను. అది 1,011 పదములను గ్రహించి ప్రణాళిక లక్ష్యమును సాధించెను. ఊరు చేరుటకు వందల దారులుండగా, ప్రతి కూడలియందును మేలైనవిగా తోచు కొన్ని దారులను మాత్రము నిలిపి తక్కినవానిని విడచుట హార్పీలోని ఉపాయము. 'బీమ్ సెర్చి' అని పిలువబడు ఈ ఉపాయము నేటి వాగ్గ్రహణ, అనువాద యంత్రములలోను వాడుకలో నున్నది.

శిష్యపరంపర – స్మార్ట్‌ఫోను

తైవానులో పుట్టిన కైఫూ లీ రెడ్డిగారి శిష్యుడు. గురువుగారి మొగ్గు నిపుణుల జ్ఞానమును యంత్రమునకు బోధించు పద్ధతియందు. శిష్యుని మొగ్గు గణాంక పద్ధతియందు. గురువు తన అభిప్రాయము మార్చుకొనకయే శిష్యుని పరిశోధనకు వలసిన సాయమంతయు చేసెనని లీ స్వయముగా పలుమార్లు చెప్పియున్నాడు. ఆ ఔదార్య ఫలమే 'స్ఫింక్స్'. 1988 నాటికి అది, ముందుగా గొంతు అలవాటు చేయనక్కరలేకుండ, ఎవరు పలికినను, ఆగకుండ పలికిన మాటను సుమారు వేయి పదముల పరిధిలో గ్రహించెను. మూడు సంకెలలును ఒకేసారి తెగుట అదియే. తన మతమును కాదన్న శిష్యుని ఆదరించుట గొప్ప యంత్రమును నిర్మించుటకంటె తక్కువ పని కాదు.

ఇచ్చటినుండి స్మార్ట్‌ఫోనునకు దారి స్పష్టముగ కనబడును. జేమ్స్ బేకర్, ఆయన భార్య జానెట్ బేకర్ 1982లో డ్రాగన్ సంస్థను స్థాపించి, 1997లో సామాన్యుడు ఆగకుండ చెప్పినదానిని వ్రాయు సాధనమును విపణిలోనికి తెచ్చిరి. ఆ సంస్థ సాంకేతికత చేతులు మారి, న్యూయాన్స్ అను సంస్థకు చేరెను. 2011 అక్టోబరులో ఆపిల్ సంస్థ తన ఐఫోనుతో 'సిరి'ని విడుదల చేసినపుడు, మాటను గ్రహించు భాగము తొలి సంవత్సరములలో న్యూయాన్స్ వారిదే. లీ 1990లో ఆపిల్ సంస్థలో చేరి వాగ్గ్రహణ శాఖను నడపెను. స్ఫింక్స్ రెండవ రూపమును నిర్మించిన షుడాంగ్ హువాంగ్ 1993లో మైక్రోసాఫ్టు సంస్థకు వెళ్లెను. 2006లో కార్నెగీ మెలన్ పరిశోధకులు స్ఫింక్స్‌ను చేతిలో ఇమిడెడి చిన్న యంత్రములకు కుదించి, 'పాకెట్ స్ఫింక్స్' అను పేర ఉచితముగా వెలువరించిరి. తొలి ఐఫోను 2007లో వచ్చినది. దానికి ఒక సంవత్సరము ముందే ఈ పని జరిగెను.

రెడ్డిగారు స్మార్ట్‌ఫోనును నిర్మించలేదు. ఐ.బి.ఎం.లో ఫ్రెడరిక్ జెలినెక్ బృందము, బెల్ పరిశోధనశాల ఇదే కాలమున సమానమైన కృషి చేసినవి. 2010 తరువాత నాడీజాల పద్ధతి వచ్చి పాత పద్ధతులను చాలవరకు తొలగించినది. ఇన్ని చెప్పిన పిదపను, ఈ సమస్య సాధ్యమని నిరూపించిన కార్యశాలలలో పిట్స్‌బర్గునందలిది ప్రధానమనుట నిర్వివాదము. 1994లో ఎడ్వర్డు ఫైగెన్‌బామ్‌తో కలిసి రెడ్డిగారు ట్యూరింగు బహుమతి నందిరి. కంప్యూటరు శాస్త్రమున దానికి మించిన గౌరవము లేదు. ఆసియా సంతతివారిలో దానిని పొందిన తొలివారు వారే. 2001లో భారతప్రభుత్వము పద్మభూషణ బిరుదము నిచ్చెను.

నిరక్షరాస్యుని పక్షమున

రెడ్డిగారి దృష్టి పరిశోధనశాలతో ఆగలేదు. 1984లో ఫ్రాన్సు ప్రభుత్వము వారికి 'లెజియన్ ఆఫ్ ఆనర్' నిచ్చినది, అభివృద్ధి చెందుచున్న దేశములకు కంప్యూటరు నందింపగోరిన పారిస్ కేంద్రమున వారు చేసిన సేవకు. తరువాత చదువురానివారి కొరకు దూరదర్శిని, టెలిఫోను, కంప్యూటరు ఒకే సాధనమున కలిపిన నమూనాను వారు ప్రతిపాదించిరి. ఆ సాధనము వ్యాప్తి చెందలేదు. కాని దానివలన ఆశించిన పనిని చవుక స్మార్ట్‌ఫోను చేసినది. 2008లో గ్రామీణ విద్యార్థులకై ఆంధ్రప్రదేశమున వెలసిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు వారు తొలి కులపతులు. దాని విద్యాలయములు నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో నెలకొన్నవి. బాసర 2014 నుండి తెలంగాణమున చేరినది.

వారి మరియొక పూనిక పదిలక్షల గ్రంథముల పథకము. 2001 ప్రాంతమున అమెరికా, చైనా, భారతదేశముల సహకారముతో ప్రారంభమై, 2007 నాటికి అనుకొన్న సంఖ్యను దాటెను. మన దేశపు గ్రంథాలయములలో శిథిలమగుచుండిన తెలుగు పుస్తకములు, పాత పత్రికల సంచికలు అనేకము ఈ విధముగ ప్రతిబింబములై నిలిచినవి. మాటను గ్రహించు యంత్రమునకును, పాత పుస్తకమునకును సంబంధమేమని అడుగవచ్చును. సంబంధము కలదు, ప్రవాసాంధ్రులకు ముఖ్యమైనది అదియే.

మాటకు లిపి అక్కర తీరినదా?

2017 ఆగస్టులో గూగుల్ సంస్థ తెలుగుతో కూడ ఎనిమిది భారతీయ భాషలలో నోట చెప్పిన మాటను ఫోనులో అక్షరములుగా మార్చు సదుపాయము కల్పించెను. 2022లో కేంద్రప్రభుత్వము 'భాషిణి' అను భాషానువాద వేదికను ప్రారంభించెను. ఈ సౌకర్యములను చూచి, పిల్లలకు తెలుగు లిపి నేర్పుట ఇక అనవసరమనువారు బయలుదేరుట సహజము. తమిళనాట 2006వ సంవత్సరపు చట్టముచే తమిళము పదవ తరగతివరకు నిర్బంధ విషయమై, అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు మినహాయింపునకై న్యాయస్థానముల నాశ్రయింపవలసిన స్థితిలో, ఈ వాదము తల్లిదండ్రులకు ఊరటగ తోపవచ్చును. యంత్రము తెలుగు వినునుగదా, బడిలో తెలుగెందుకని వారు తలపవచ్చును.

యంత్రమెట్లు నేర్చుకొనునో తెలిసినచో ఈ వాదము నిలువదు. పలికిన మాటను, దాని సరియైన వ్రాతను జతపరచి వేలకొలది గంటలు చూపగా అది నేర్చుకొనును. ఏ పదము తరువాత ఏ పదము వచ్చునో వ్రాసిన గ్రంథములనుండి గ్రహించును. వ్రాత తక్కువైన భాషను అది తక్కువగనే వినును. తనకు చూపని యాసను తప్పుగ వినును. తమిళ పదములు కలిసిన హోసూరు తెలుగు, మరాఠీ కలిసిన షోలాపురపు తెలుగు, ఒడియా కలిసిన బరంపురపు తెలుగు దానికి చూపనిచో, ఆ ఇండ్ల ముదుసళ్లు మాటలాడినపుడు అది తెల్లబోవును. అప్పుడు మనుమలు ఫోనుకు అర్థమగు భాషనే ఇంటను వాడుట కలవాటుపడుదురు. లిపి పోగొట్టుకొన్న ఇండ్లలో ఈ విధముగ మాటయు పోవుటకు అవకాశము కలదు.

దీనికి ప్రతిక్రియ తెలుగు సంఘముల చేతిలోనే కలదు. పెద్దల కథలు, పెండ్లిపాటలు, మగ్గపు మాటలు, సేద్యపు మాటలు ధ్వనిముద్రణ చేయవలెను. వానిని తెలుగు చదివిన పిల్లలచేత ఉన్నవి ఉన్నట్లు వ్రాయింపవలెను. మాట పెద్దలయొద్ద కలదు, వ్రాత బడియందు కలదు. ఈ రెండును చేరిన ముద్రణమే యంత్రమునకు పాఠము. అల్పసంఖ్యాక భాషాపాఠశాలలో ఒక తరగతి మూతపడినచో ఆ వ్రాయగల చేతులు తగ్గును. కాటూరి పల్లెనుండి గిండీకి, గిండీనుండి పిట్స్‌బర్గునకు పోయిన వ్యక్తి యంత్రమునకు చెవి నొసగుటలో సాయపడెను. ఆ చెవికి బరంపురపు తెలుగు, షోలాపురపు తెలుగు, హోసూరు తెలుగు వినిపించు భారము ఆయా ఊళ్ల తెలుగువారిది. పలుకు తెలిసిన తాతలు ఉండగనే, వ్రాయనేర్చిన మనుమలు ఉండగనే, ఈ పనికి పూనుకొనుట మేలు.