నోటి పుండు, తెల్ల మచ్చ, ఆగని రక్తస్రావం: మన వాడల్లో క్యాన్సర్ గురించి తెలుసుకోవాల్సినవి

షోలాపూర్ తూర్పు భాగంలోని పేటల్లోనూ, నగరం బయట కుంభారిలోని గోదూతాయి ఘర్‌కుల్‌లోనూ మన తెలుగు ఇళ్లది తరతరాలుగా రెండు పనుల బతుకు. మగ్గం మీద చద్దర్లు, టవళ్లు నేయడం ఒకటి. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టడం ఇంకొకటి. పొగాకు మనకు కూడు పెట్టే సరుకు కాబట్టి దాన్ని శత్రువుగా చూడటం మనకు అలవాటు లేదు. ఈ వ్యాసంలో ముఖ్యంగా రెండు క్యాన్సర్ల గురించి చెబుతున్నాం. ఒకటి నోటిది, రెండోది ఆడవారి గర్భాశయ ముఖద్వారానిది. ఈ రెండింటికీ, క్యాన్సర్‌గా మారకముందే కనిపించే దశ ఒకటి ఉంటుంది.

మన ఒంట్లో కణాలు రోజూ పాతవి పోయి కొత్తవి పుడుతుంటాయి. ఎప్పుడు విభజన చెందాలో, ఎప్పుడు ఆగాలో కణంలోని జన్యువులే చెబుతాయి. పవర్‌లూమ్ మీద పేక పోగు తెగితే మగ్గం దానంతట అది ఆగాలి కదా. కణంలోనూ అలా ఆపే జన్యువులు ఉన్నాయి, వాటిలో పి53 అనేది ప్రధానమైనది. పొగాకులోని రసాయనాలు, కొన్ని వైరస్‌లు, వయసు, ఇవన్నీ ఆ ఆపే ఏర్పాటును మెల్లగా పాడుచేస్తాయి. అప్పుడు కణం ఆగకుండా పెరిగి గడ్డ కడుతుంది, పక్క భాగాల్లోకి చొరబడుతుంది, రక్తం ద్వారా, లింఫ్ నాళాల ద్వారా దూరానికి పోతుంది. ఇదంతా ఒక్క రోజులో జరగదు, సాధారణంగా ఏళ్లు పడుతుంది. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. క్యాన్సర్ ఉన్నవారికి గ్లాసు, కంచం వేరుగా పెట్టాల్సిన పని లేదు.

పొగాకు అనగానే మనవాళ్లు బీడీ, సిగరెట్ అనుకుంటారు. మన ఆడవాళ్లు బీడీ తాగరు, నిజమే. కానీ పొద్దున్నే పళ్లకు మిశ్రీ రాసుకునే పెద్దమ్మలు ఎందరో! మిశ్రీ అంటే మాడ్చి పొడి చేసిన తంబాకే. పండ్లపొడి అనుకుని రాసుకున్నా చిగుళ్ల గుండా నికోటిన్ ఎక్కుతుంది, అందుకే ఒక పూట మానితే తల నొస్తుంది. యువకులు మావా నములుతారు. అందులో వక్క, తంబాకు, సున్నం మూడూ ఉంటాయి. సున్నం వల్ల నికోటిన్ త్వరగా ఒంట్లోకి పోతుంది. తంబాకులోని నైట్రోసమైన్లు బుగ్గ లోపలి కణాల జన్యువులను దెబ్బతీస్తాయి. తంబాకు లేకుండా ఉత్త వక్క నమిలినా, బుగ్గ లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోని జబ్బు వస్తుంది, అది క్యాన్సర్‌కు దారితీయవచ్చు. మహారాష్ట్రలో 2012లోనే గుట్కా నిషేధించారు. మావా మాత్రం పాన్ ఠేలాలో కళ్లముందే కలిపి ఇస్తారు.

ఇక పని సంగతి. బీడీలు చుట్టేటప్పుడు తంబాకు దుమ్ము ముక్కులోకి పోతుంది, చేతుల చర్మం గుండా నికోటిన్ ఎక్కుతుంది. చిన్నపిల్లల పక్కన చాట పెట్టకపోవడం, గాలి వచ్చేచోట కూర్చోవడం, అన్నం ముందు సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి. దూది దుమ్ముతో క్యాన్సర్ వస్తుందని కొందరి భయం. అది తెచ్చేది ఊపిరాడని బిసినోసిస్ అనే జబ్బు, దాని వైద్యం వేరు. రంగుల విషయం అలా కాదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో రంగుల కార్ఖానా కార్మికులకు మూత్రాశయ క్యాన్సర్ వస్తోందని లుడ్విగ్ రెన్ అనే వైద్యుడు 1895లోనే చెప్పాడు. ఆ కోవకు చెందిన బెంజిడిన్ రంగులను మన దేశంలో 1990లలో నిషేధించారు. అంతకుముందు ఏళ్ల తరబడి రంగుల పని చేసిన పెద్దలకు నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే వెంటనే డాక్టరుకు చూపించాలి.

నోటిలో చూసుకోవాల్సినవి ఇవి: రెండు మూడు వారాలైనా మానని పుండు, గీకినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, కారం తగిలితే మంట, మెడలో గడ్డ. మీ మూడు వేళ్లు నిలువుగా పెట్టినంత నోరు తెరుచుకోవాలి, తెరుచుకోకపోతే చూపించుకోండి. కేరళలోని తిరువనంతపురం దగ్గర 1996 నుంచి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయి. ఖరీదైన యంత్రమేదీ వాడలేదు, వెలుతురులో కళ్లతో చూశారంతే.

రెండో క్యాన్సర్ గురించి ఇళ్లలో మాట్లాడటానికి సిగ్గుపడతారు. అందుకే మన జిల్లా బార్షిలో జరిగిన పని తెలుసుకోవాలి. దేశంలో మొదటి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ 1987లో అక్కడే మొదలైంది. రిజిస్ట్రీ కార్యకర్తలు ఊళ్లు తిరుగుతూ లక్షణాలు చెప్పేవారు. ఆ మాటలతోనే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలిదశలో బయటపడటం పెరిగింది. ఆ తర్వాత పక్క ఉస్మానాబాద్ జిల్లాలో (ఇప్పుడు ధారాశివ్) బార్షి నర్గీస్ దత్ ఆసుపత్రి వాళ్లు, ముంబై టాటా ఆసుపత్రి వాళ్లు కలిసి 30 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న 1,31,746 మంది స్త్రీలతో పెద్ద అధ్యయనం చేశారు. ఈ క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఒక్కసారి ఆ వైరస్ పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స ఇస్తే ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఈ ఫలితం 2009లో వెలువడ్డాక ప్రపంచమంతా దాన్ని ఉదహరించింది. ఆ పరీక్షకు ఒప్పుకున్నవారు మన పొరుగు ఊళ్ల రైతు కూలీ స్త్రీలే.

ముట్లు ఆగిపోయాక రక్తం కనిపించినా, కలయిక తర్వాత రక్తం పడినా, దుర్వాసనతో తెల్లబట్ట అయినా ‘వయసు మీద అలాగే ఉంటుందిలే’ అనుకోవద్దు. ఆడపిల్లలకు 9 ఏళ్ల నుంచే హెచ్‌పీవీ టీకా వేయించవచ్చు. పుణేలోని సీరమ్ సంస్థ తయారుచేసిన సెర్వావాక్ కూడా దొరుకుతోంది.

మన వాడల్లో ఎక్కువ మందిని ఆపేది ఒక పాత మాట: ‘కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుంది’. నోటి పుండు నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీతో జబ్బు పాకదు. ముక్క తీయకుండా మూడు నెలలు పసర్లు పూస్తే మాత్రం పాకుతుంది. నోటి క్యాన్సర్‌కు ఎక్కువగా మొదట ఆపరేషన్, అవసరాన్ని బట్టి తర్వాత రేడియేషన్, కొందరికి దాంతోపాటు కీమో. ముఖద్వార క్యాన్సర్ తొలిదశలో ఉంటే ఆపరేషన్, ముదిరితే రేడియేషన్, కీమో కలిపి ఇస్తారు. తొలిదశలో వచ్చినవారిలో చాలామంది పూర్తిగా బాగవుతారు. ఆలస్యమైతే దవడ ఎముక తీయాల్సి రావచ్చు, ఖర్చూ పెరుగుతుంది.

డబ్బు భయంతో ఆగేవారు మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన గురించి అడగాలి. అందులో క్యాన్సర్ చికిత్స ఉంది. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని, పథకంలో చేరిన ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరికి ముందుగా వెళ్లాలి. డబ్బు కట్టేశాక అడిగితే చిక్కు. తెలుగు తప్ప రాని అమ్మలకు, అమ్మమ్మలకు తోడుగా మరాఠీ బాగా వచ్చినవారు ఒకరు వెళ్లాలి. బయాప్సీ రిపోర్టు అసలు కాగితం ఇంట్లోనే భద్రంగా ఉంచి, జిరాక్సు తీసి వాడుకోండి. ముంబై టాటా ఆసుపత్రికి పంపినా, బార్షికి పంపినా మొదట అడిగేది ఆ కాగితమే.