హుస్సేన్‌సాగర్ నుంచి మూసీ దాకా.. నల్లకుంట మీదుగా నీటి బాట
నడిచి చూసినవారికే తెలిసే నాలా కథ

నల్లకుంట: జంటనగరాల నడిబొడ్డున ఒక చెరువును, ఒక నదిని కలుపుతూ సాగే నీటి దారి ఉన్నదన్న సంగతి నగరవాసుల్లోనే చాలామందికి తెలియదు. హుస్సేన్‌సాగర్ మత్తడి వద్ద మొదలై కవాడిగూడ, గాంధీనగర్, అశోక్‌నగర్, దోమలగూడ, నారాయణగూడ, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట ప్రాంతాలను ఒరుసుకుంటూ గోల్నాక వైపు మూసీలో కలిసే మిగులు నాలాయే ఆ దారి. మొదటి నుంచి చివరి వరకు దీని వెంట ఒకే కాలిబాట లేదు. అయినప్పటికీ పక్క వీధులను పట్టుకుని ఏడు కిలోమీటర్లకు అటూఇటుగా నడిస్తే చెరువు నుంచి నది దాకా నీటి ప్రయాణాన్ని కళ్లారా చూడవచ్చు. సగం దారి ఆహ్లాదం, మిగతా సగం ఆలోచన అన్నట్లుగా ఈ నడక సాగుతుంది. వర్షాకాలం వచ్చిందంటే ఈ బస్తీలు ఎందుకు బిక్కుబిక్కుమంటాయో పుస్తకాల కంటే ఈ దారే స్పష్టంగా చెబుతుంది.

కట్ట మీద కోలాహలం
నడకకు సహజమైన ఆరంభం ట్యాంక్‌బండ్. 1560 దశకంలో ఇబ్రహీం కుతుబ్‌షా హయాంలో హజ్రత్ హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో మూసీ ఉపనదిపై ఈ చెరువును నిర్మించారు. ఆయన పేరే చెరువుకు స్థిరపడింది. ఒకనాడు నగరానికి తాగునీరు అందించిన ఈ చెరువులోకి తదనంతర కాలంలో కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాల ద్వారా మురుగు చేరడం మొదలైంది. వేకువనే కట్టపైకి చేరుకునే సందర్శకులకు గాలి ఎటు వీస్తున్నదన్న దానిని బట్టి అనుభవం మారుతుంది. చెరువు మీదుగా చల్లగాలి తగిలినప్పుడు సేద తీరినట్లుంటుంది. వేసవిలో నీరు తగ్గి నాచు పేరుకున్నప్పుడు మాత్రం దుర్గంధం ముక్కుపుటాలను తాకుతుంది.

చెరువు నడుమ జిబ్రాల్టర్ రాతిపై నిలిచిన ఏకశిలా బుద్ధ విగ్రహం చూపరులను కట్టిపడేస్తుంది. 1990 మార్చిలో తరలిస్తుండగా పడవ ఒరిగి విగ్రహం నీట మునిగింది. ఆ దుర్ఘటనలో ప్రాణనష్టం కూడా జరిగింది. తిరిగి వెలికితీసి 1992 డిసెంబరు 1న ప్రతిష్ఠించారు. కట్ట వెంబడి తెలుగు ప్రముఖుల విగ్రహాలను పరికిస్తూ నడిచేవారు చాలామందే ఉంటారు. చెరువు నిండినప్పుడు నీరు బయటకు పోయే మత్తడి కట్ట దిగువనే ఉన్నా, దానిని గమనించే సందర్శకులు మాత్రం అరుదు.

513.41 మీటర్లు దాటితే..
హుస్సేన్‌సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 513.41 మీటర్లు. వర్షాకాలంలో ఈ అంకె పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. నీరు దీనిని మించినప్పుడు మిగులు జలం నాలాలోకి పరుగులు తీస్తుంది. దిగువన ఉన్న కవాడిగూడ మొదలు గోల్నాక వరకు అధికారులు అప్రమత్తత ప్రకటిస్తారు. చెరువు నుంచి వచ్చే నీటికి తోడు దారి పొడవునా వీధుల్లో కురిసిన వాన నీరు, ఇళ్ల నుంచి వచ్చే మురుగు కూడా ఇదే నాలాలో చేరతాయి. అదే సమయంలో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తి మూసీ నిండుగా పారుతుంటే నాలా నీరు నదిలోకి సాఫీగా దిగదు. ఫలితంగా నీరు వెనక్కు ఎగదన్ని బస్తీలను ముంచెత్తుతుంది.

అశోక్‌నగర్‌లో ఆగి చూడాలి
కట్ట దిగి కవాడిగూడ మీదుగా కొద్ది దూరం నడిస్తే 76 ఎకరాల ఇందిరాపార్కు వస్తుంది. పచ్చని చెట్ల నీడ, లోపలి చిన్న చెరువు నడకరులకు ఊరటనిస్తాయి. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువతకు అశోక్‌నగర్ పెట్టింది పేరు. జిల్లాల నుంచి వచ్చి ఇరుకు గదుల్లో అద్దెకుంటూ శిక్షణ కేంద్రాలకు, నగర కేంద్ర గ్రంథాలయానికి తిరిగే నిరుద్యోగులకు ఈ పార్కే ఉదయపు ఆటవిడుపు.

ఇక్కడి వంతెనల మీద నిలబడి కిందకు చూస్తే నాలా అసలు స్వరూపం బోధపడుతుంది. ఇరువైపులా ఇళ్ల గోడలు నీటి అంచు దాకా వచ్చాయి. 2000 ఆగస్టు 24న నగరంలో 24 సెంటీమీటర్ల కుంభవృష్టి కురిసినప్పుడు అశోక్‌నగర్, గాంధీనగర్, దోమలగూడ, హిమాయత్‌నగర్ పరిసరాలు జలమయమయ్యాయి. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలు ఆ పీడకలను మళ్లీ గుర్తుచేశాయి. ఆ తరువాత వ్యూహాత్మక నాలా అభివృద్ధి పథకం కింద ఈ మిగులు నాలాకు రక్షణ గోడల నిర్మాణం చేపట్టారు. గోడ వల్ల నాలాలో మనుషులు పడిపోయే ముప్పు తగ్గుతుంది. అయితే కుంచించుకుపోయిన నాలా వెడల్పును గోడ తిరిగి తేలేదు. నడిచి చూసేవారు ఈ తేడాను గుర్తించవలసి ఉంటుంది.

కుంట లేని నల్లకుంట
చిక్కడపల్లి త్యాగరాయ గానసభను, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రాన్ని దాటి నల్లకుంట చేరుకునేసరికి పాదచారులకు పేరులోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. కుంట ఏది? శంకరమఠం ఉన్నది, రద్దీగా ఉండే కూరగాయల మార్కెట్ ఉన్నది. పేరులో మిగిలిన కుంట మాత్రం నేలపై కానరాదు. నగరంలో కుంట, చెరువు, బావి పేర్లతో పిలిచే బస్తీలు అనేకం. పల్లపు ప్రదేశం కాబట్టే పూర్వం అక్కడ నీరు నిలిచింది. పేరు మారకపోయినట్లే నేల వాలు కూడా మారలేదు. వాన కురిస్తే నీరు తన పాత చోటును వెతుక్కుంటూ వస్తుంది.

ఇక్కడే ఉన్న జ్వరాల ఆసుపత్రి ఈ నడకలో తప్పక చూడదగిన మజిలీ. ఫీవర్ ఆసుపత్రిగా ప్రసిద్ధి చెందిన ఈ వైద్యశాల అధికారిక నామం సర్ రొనాల్డ్ రాస్ పేరిట ఉన్నది. దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే గుర్తించారు. ఈ పరిశోధనకు 1902లో నోబెల్ బహుమతి లభించింది. నీరు నిలిచే పల్లపు నగరంలో జ్వరాల ఆసుపత్రికి ఏటా వానాకాలంలో రోగుల తాకిడి పెరగడం ఆశ్చర్యం కాదు.

తిరిగొచ్చిన బతుకమ్మకుంట
నల్లకుంట నుంచి కాస్త పక్కకు మళ్లితే బాగ్ అంబర్‌పేటలోని బతుకమ్మకుంట కనిపిస్తుంది. ఈ నడకలో సందర్శకులకు ఎక్కువ సంతృప్తినిచ్చే చోటు ఇదే. ఏళ్ల తరబడి వ్యర్థాలతో, ముళ్లపొదలతో పూడిపోయి వివాదాల్లో చిక్కుకున్న ఈ కుంటను హైడ్రా సంస్థ పునరుద్ధరించింది. 2025 ఫిబ్రవరిలో తవ్వకం మొదలుపెట్టగా కొద్ది అడుగుల లోతులోనే నీరు ఊరింది. అదే ఏడాది సెప్టెంబరులో బతుకమ్మ పండుగ వేళ కుంటను ప్రారంభించారు. పూర్వపు విస్తీర్ణంతో పోలిస్తే నేడు మిగిలింది చిన్న భాగమే. అయినా పూడిన కుంటలో నీరు మళ్లీ నిలుస్తుందనడానికి ఇది నిదర్శనం.

చివరికి మూసీ
గోల్నాక వైపు సాగితే నడక మూసీ ఒడ్డున ముగుస్తుంది. అనంతగిరి కొండల్లో స్వచ్ఛంగా పుట్టిన నది ఇక్కడికి చేరేసరికి మురుగును మోస్తూ పారుతుంటుంది. అంబర్‌పేటలో 339 ఎంఎల్‌డీ సామర్థ్యం గల మురుగునీటి శుద్ధి కేంద్రం ఉన్నా, నది వాసన ఇంకా వదల్లేదు. భారీ వరదలకు మూసారాంబాగ్ పాత వంతెన మీదుగా నీరు పారి రాకపోకలు నిలిచిపోయిన సందర్భాలు అనేకం. ఈ నది ఉగ్రరూపం 1908 సెప్టెంబరు 28న నగరాన్ని అతలాకుతలం చేసిన తరువాతనే ఎగువన జంట జలాశయాల నిర్మాణం జరిగింది.

నడకరులకు సూచనలు
* నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఉదయం ఆరు గంటలకు బయలుదేరితే ఎండ ముదరక ముందే ముగించవచ్చు. ఆగి చూస్తూ నడిస్తే సుమారు మూడు గంటలు పడుతుంది.
* మధ్యలో విరమించదలచినవారికి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ మెట్రో స్టేషన్లు అందుబాటులో ఉన్నాయి.
* వాన కురుస్తున్నప్పుడు, చెరువు నుంచి మిగులు నీరు వదిలినప్పుడు నాలా దరిదాపులకు వెళ్లరాదు. వరద నీటిలో మూత లేని మ్యాన్‌హోళ్లు కనిపించవు.
* నాలా పక్క సందులు నివాస ప్రాంతాలు. ఇళ్లలోని వారి ఫొటోలు తీసేముందు అనుమతి కోరడం మర్యాద.
* పిల్లలను, వృద్ధులను ట్యాంక్‌బండ్, ఇందిరాపార్కు, బతుకమ్మకుంటలకు పరిమితం చేయడం ఉత్తమం.
* స్వచ్ఛమైన మూసీని చూడగోరేవారు వికారాబాద్ సమీపంలోని అనంతగిరికి వెళ్లవచ్చు. అక్కడి అటవీ బాటల్లో నడిచి వచ్చాక ఈ నాలా వెంట నడిస్తే, అంత నీరు ఇంతలో ఏమైందో ఎవరూ చెప్పనక్కరలేదు.