పాతాళ రైలు దారిలో టిప్పు బిడ్డలు

కలకత్తా వెళ్ళి వచ్చే మన సభ్యులు తరచు ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు. "అక్కడ నడిబజారులో టిప్పు సుల్తాన్ మసీదు చూశామండీ. టిప్పు మైసూరువాడు కదా, కలకత్తా ఎప్పుడు వెళ్ళాడు?" అని. ఆయన వెళ్ళలేదు. ఆయన షహీద్ అయిన తరువాత ఆయన బిడ్డలను తీసుకువెళ్ళారు. ఆ కథ తెలుసుకోదలచినవారికి మేమిచ్చే సలహా ఒక్కటే. కలకత్తాలో భూగర్భ రైలు ఎక్కండి. ఎస్ప్లనేడ్ నుంచి టాలీగంజ్ వరకు తొమ్మిది స్టేషన్లు. ఆ తండ్రి పుస్తకాలు ఒక స్టేషను దగ్గర, కొడుకు కట్టించిన మసీదు ఒక స్టేషను దగ్గర, ఆ కుటుంబం వారి సమాధులు ఒక స్టేషను దగ్గర, వారు కాపురమున్న పేట చివరి స్టేషను దగ్గర ఉన్నాయి. ఎవరూ కావాలని అలా అమర్చలేదు. రైలు దారి అలా పడింది.

ముందు రైలు సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. బెంగాలీలు దీన్ని పాతాళ రైలు అంటారు. 1972 డిసెంబరు 29న శ్రీమతి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా 3.4 కిలోమీటర్లు నడిచింది. మన దేశంలో నేల కింద నడిచిన మొదటి మెట్రో రైలు అదే. 1986 ఏప్రిల్ 29న టాలీగంజ్ చేరింది. ఉత్తరాన డమ్‌డమ్ నుంచి దక్షిణాన టాలీగంజ్ దాకా 16.45 కిలోమీటర్ల లైను పూర్తిగా కలిసేసరికి 1995 వచ్చింది. తరువాత రెండు వైపులా ఇంకా పొడిగించారు. ఆ పొడిగింపుల జోలికి ఇక్కడ పోవడం లేదు.

ఇక టిప్పు కుటుంబం సంగతి. 1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ యుద్ధంలో నేలకొరిగారు. ఇది మనకు సంబంధం లేని పరాయి చరిత్ర అనుకోవద్దు. కడప, గుర్రంకొండ, గుత్తి ప్రాంతాలు హైదరలీ, టిప్పుల ఏలుబడిలో ఉండినవే. 1792లో కొంత, 1799లో కొంత నిజాం వాటాకు వచ్చి, 1800లో కంపెనీ చేతికి పోయి దత్తమండలాలు అనిపించుకున్నాయి. టిప్పు కుటుంబాన్ని మాత్రం కంపెనీవారు రాయవేలూరు కోటలో ఉంచారు. అంటే మన చిత్తూరుకు కూతవేటు దూరమన్నమాట. అక్కడ 1806 జూలై 10న సిపాయిలు తిరగబడ్డారు. కొత్త తలపాగా పెట్టుకోమనడం, గడ్డాలు తీయమనడం, బొట్లు చెరపమనడం కారణాలు. కోట మీద మైసూరు జెండా ఎగిరింది. ఆర్కాటు నుంచి వచ్చిన గుర్రపు దళం ఒక్క రోజులోనే ఆ తిరుగుబాటును అణచివేసింది. రాకుమారులు ఇందులో ఉన్నారన్న అనుమానంతో కుటుంబాన్ని యావత్తు దక్షిణాదికి దూరంగా, కంపెనీ కళ్ళెదుట ఉండేలా కలకత్తాకు తరలించారు. వారిలో 1795లో పుట్టిన గులాం ముహమ్మద్ అనే చిన్న రాకుమారుడు ఉన్నాడు. తండ్రి పోయేనాటికి ఆయనకు నాలుగేళ్ళు. తిరుగుబాటు నాటికి పదకొండు. ఈ వ్యాసంలో ముఖ్యులు వీరే.

ఇప్పుడు రైలెక్కుదాం. ఉత్తరం నుంచి వచ్చేవారికి ముందుగా మహాత్మాగాంధీ రోడ్డు స్టేషను తగులుతుంది. నఖోదా మసీదుకు అక్కడే దిగాలి. 1926లో పునాది వేసి, కచ్ మేమన్ జమాత్ వారు కట్టించారు. అక్బరు సమాధి ఉన్న సికందరా కట్టడం నమూనాగా తీసుకున్నారు. నఖోదా అంటే ఓడ నడిపేవాడు. వ్యాపారుల డబ్బుతో లేచిన మసీదు కాబట్టి ఆ పేరు దానికి బాగా అమరింది. దాన్ని చూసినవారు మనలో చాలామంది ఉన్నారు గనుక ముందుకు పోదాం.

ఎస్ప్లనేడ్ దగ్గర దిగి మెట్లెక్కి పైకి వస్తే చౌరంఘీ, ధర్మతలా కలిసే చోటు. ప్రభుత్వం వారు ఈ వీధులకు జవహర్‌లాల్ నెహ్రూ రోడ్డు, లెనిన్ సరణి అని పేర్లు పెట్టినా జనం నోట పాత పేర్లే. ఆ మూలనే వరుస గుమ్మటాలతో, మూలల్లో మీనార్లతో మసీదు కనిపిస్తుంది. చుట్టూ బస్సుల రొద, ఫుట్‌పాత్ దుకాణాలు. లోపల చల్లగా, నిమ్మళంగా ఉంటుంది. టిప్పు మసీదు అని పిలుస్తారు గాని, 1842లో కట్టించింది గులాం ముహమ్మద్.

అక్కడి శిలాఫలకం చదివితే మనసు ఒక విధంగా అయిపోతుంది. అల్లాహ్‌కు కృతజ్ఞతగాను, కంపెనీ డైరెక్టర్లు తనకు రావలసిన భరణం బకాయిలను 1840లో మంజూరు చేసినందుకు గుర్తుగాను ఈ మసీదు కట్టించినట్లు అందులో ఉంది. తండ్రి ప్రాణం తీసిన కంపెనీ. తమ రాజ్యం నుంచి తమకు విదిల్చిన భరణం. అదీ బకాయి పెట్టి, అడగ్గా అడగ్గా ఇచ్చింది. దానికి ధన్యవాదం! మనలో కొందరు దీన్ని చూసి "పులి కడుపున పుట్టి ఇదేమిటి" అని నొచ్చుకుంటారు. మేము అలా అనలేము. పిల్లవాడుగా చెరలోకి వచ్చి, చెరలోనే పెద్దవాడైన మనిషి చేతిలో కత్తి లేదు. అర్జీ ఒక్కటే ఉంది. ఆ అర్జీతో వచ్చిన సొమ్ముతో సొంతానికి ఇంకో మేడ కట్టుకోవచ్చు. ఆయన నగరం నడిబొడ్డున నమాజుకు చోటు కట్టి వక్ఫు చేశారు. కంపెనీ 1858లో పోయింది. మసీదులో ఇవాళ ఉదయం కూడా ఫజ్ర్ నమాజు జరిగి ఉంటుంది.

ఈ మసీదుకు పెద్ద గండం తెచ్చింది మనం ఎక్కి వచ్చిన ఈ రైలే. కలకత్తా నేల గంగ ఒండ్రు. మెత్తని బంకమన్ను, కొద్ది లోతులోనే నీరు. అప్పట్లో ఎక్కువ భాగం సొరంగం దొలిచింది యంత్రంతో కాదు. రోడ్డుకు రెండు పక్కలా లోతుగా కాంక్రీటు గోడలు దింపి, మధ్య మట్టిని పైనుంచి తోడి, లోపల పెట్టెలాగా కట్టి, మళ్ళీ పైకప్పు వేసి రోడ్డు పరిచారు. ఏళ్ళ తరబడి చౌరంఘీ పొడుగునా గోతులే. పాత గోడ పక్కన బావి తవ్వితే ఏమవుతుందో పల్లెల్లో పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. మట్టి గోతి వైపు జరుగుతుంది, గోడ మట్టి వెంట పోతుంది. 1980ల్లో ఎస్ప్లనేడ్ పనులవల్ల టిప్పు మసీదు దెబ్బతిన్నది. నూటనలభై ఏళ్ళు నిలిచిన కట్టడం.

అప్పుడు అక్కడివాళ్ళు ఏమి చేశారన్నదే మన వంటి సంఘాలకు కావలసిన సంగతి. మసీదు రక్షణ, సంక్షేమాల కోసం ఒక కమిటీగా ఏర్పడ్డారు. రైలు వద్దని కూర్చోలేదు, పోయిందిలే అని ఊరుకోనూ లేదు. దెబ్బతిన్న భాగాన్ని విప్పించి, మెట్రో రైల్వేతో కలిసి తిరిగి కట్టించారు. కింద రైలూ నడుస్తున్నది, పైన నమాజూ నడుస్తున్నది.

ఇది రాస్తుంటే మాకు మన ఊరి సంగతి గుర్తుకు రాక మానదు. రోడ్డు వెడల్పు చేసిన ఏడాది ఖబరస్తాన్ గోడ ఒక పక్క పడగొట్టారు. హద్దులు చూపండి అన్నారు. మన దగ్గర హద్దుల కాగితం లేదు. ఒక పెద్దాయన ట్రంకు పెట్టెలో ఉండాలని ఒకరు, ఆయన కొడుకు పట్నం తీసుకుపోయాడని ఒకరు చెప్పారు. నకలు కోసం నెలల తరబడి ఒక కార్యాలయం మెట్లు ఎక్కి దిగాము. కాగితం దొరికేసరికి రోడ్డు వేసేశారు. కలకత్తా వారు కమిటీ కట్టి పనిలో దిగారు. మనం పెట్టె వెతికాం.

నేల కింద పనికి ఈ గండం తీరిపోయిందనుకోవద్దు. అదే ఎస్ప్లనేడ్ మీదుగా హుగ్లీ నది అడుగునుంచి హౌరా వైపు వేసిన కొత్త లైను 2024 మార్చిలో మొదలైంది. దాని కోసం తవ్వుతున్నప్పుడే, 2019 ఆగస్టు 31న బౌబజార్‌లో యంత్రం నీటిపొరను తాకి, పైన కొన్ని ఇళ్ళు కూలాయి. వందలమంది కట్టుబట్టలతో బయటకు రావలసి వచ్చింది.

తరువాతి స్టేషను పార్క్ స్ట్రీట్. ఇక్కడ విలియం జోన్స్ 1784లో స్థాపించిన ఏషియాటిక్ సొసైటీ ఉంది. శ్రీరంగపట్నం కొల్లగొట్టినప్పుడు టిప్పు గ్రంథాలయం కూడా చేతులు మారింది. సుమారు 2,000 సంపుటాలు. కొన్ని ఫోర్ట్ విలియం కాలేజీకి, కొన్ని లండనుకు, కొన్ని 1808లో ఈ సొసైటీకి చేరాయి. చార్లెస్ స్టువర్ట్ అనే పండితుడు 1809లో వాటి జాబితా అచ్చు వేశాడు. కొడుకులూ ఇంచుమించు అదే రోజుల్లో ఈ ఊరికి వచ్చారు. తండ్రి చదివిన ఖురాన్ ప్రతులు, తవారీఖులు మూడు నాలుగు మైళ్ళ దూరంలో పరాయివారి అలమారల్లో ఉన్నాయని వారికి తెలిసే ఉంటుందనుకుంటాము.

మైదాన్ స్టేషను వైపు ఫుట్‌బాల్ పిచ్చివాళ్ళు తప్పక దిగుతారు. ఆ పచ్చిక మీదనే క్లబ్బుల మైదానాలు. 1891లో పుట్టిన మొహమ్మడన్ స్పోర్టింగ్ 1934లో కలకత్తా లీగు గెలిచింది. ఆ లీగు గెలిచిన మొదటి భారతీయ క్లబ్బు అదే. 1938 దాకా వరుసగా ఐదేళ్ళు కప్పు వదలలేదు. మన హైదరాబాదు ముహమ్మద్ హబీబ్ ఈ ఊరి మూడు పెద్ద క్లబ్బులకూ ఆడి, ఇక్కడివారి చేత నెత్తిన పెట్టించుకున్నాడు. 2023లో ఆయన కన్నుమూశారు.

రవీంద్ర సదన్ స్టేషనుకు దగ్గరలో పెద్దాసుపత్రి ఉంది. రొనాల్డ్ రాస్ మలేరియా పరిశోధన 1898లో ఇక్కడ సాగింది. అంతకు ముందు ఏడాది సికింద్రాబాదులో హుసేన్ ఖాన్ అనే రోగి తన్ను కుట్టనిచ్చిన దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకున్నాడు. ఇక్కడ మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమలు పట్టిపెట్టాడు. నోబెల్ బహుమతి కథల్లో ఈ ఇద్దరి పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి.

మొదట భవానీపూర్ అన్న స్టేషను ఇప్పుడు నేతాజీ భవన్. సుభాష్ చంద్ర బోస్ 1941 జనవరిలో మహమ్మద్ జియావుద్దీన్ అనే పేరుతో, పఠాను వేషంలో తప్పించుకున్న ఇల్లు అది. 1943లో జలాంతర్గామిలో ఆయన వెంట ఉన్న ఆబిద్ హసన్ హైదరాబాదువారే. "జై హింద్" పలకరింపు ఆయన ఆలోచనే అంటారు. తరువాతి జతిన్ దాస్ పార్కు, 1929లో లాహోరు జైలులో 63 రోజులు నిరాహారదీక్ష చేసి మరణించిన యువకుని పేరు.

కాళీఘాట్ అంటే అందరికీ గుడి గుర్తుకు వస్తుంది. ఆ స్టేషనుకు దగ్గరలోనే, సతీష్ ముఖర్జీ రోడ్డు మీద మైసూరు కుటుంబం వారి ఖబరస్తాన్ ఉంది. శ్రీరంగపట్నం గుంబజ్‌లో తాతా తండ్రుల సమాధుల మీద పెద్ద గుమ్మటం. ఇక్కడ బిడ్డలూ మనుమలూ బస్తీ ఇళ్ళ మధ్య. ఫాతిహా చదవదలచినవారు దారి అడుగుతూ వెళ్ళాలి.

రవీంద్ర సరోబర్ స్టేషను పక్కన పెద్ద చెరువు. తవ్వించినది ఇరవయ్యవ శతాబ్దంలో. అప్పటికే అక్కడ ఒక చిన్న మసీదు ఉంది. దాన్ని తీసేయకుండా చుట్టూ తవ్వారు, మసీదు దీవి అయింది. నమాజీల కోసం 1926లో వేలాడే వంతెన వేశారు. చేయదలిస్తే ఇలాగూ చేయవచ్చునన్నమాట.

అక్కడి నుంచి టాలీగంజ్ దాకా వీధుల బోర్డులు చూస్తూ పొండి. ప్రిన్స్ అన్వర్ షా రోడ్డు, ప్రిన్స్ గులాం ముహమ్మద్ షా రోడ్డు, ప్రిన్స్ బక్తియార్ షా రోడ్డు, ప్రిన్స్ రహీముద్దీన్ సందు. బస్సు కండక్టరు రోజుకు వందసార్లు "అన్వర్ షా, అన్వర్ షా" అని అరుస్తాడు. ఆయనెవరో ఎక్కేవాడికీ తెలియదు, అరిచేవాడికీ తెలియదు.

చివరి స్టేషను టాలీగంజ్. ఇప్పుడు సినిమా నటుడు ఉత్తమ్ కుమార్ పేరు మీద మహానాయక్ ఉత్తమ్ కుమార్ అయింది. అక్కడ స్టూడియోలుండటంవల్ల బెంగాలీ సినిమాను టాలీవుడ్ అనేవారు. మన తెలుగు సినిమాకు ఆ పేరు తరువాత వచ్చింది. అంతకు మునుపు ఈ పేట పేరు రసాపగ్లా. మైసూరు రాకుమారులకు కంపెనీ ఇళ్ళిచ్చింది ఇక్కడే. 1895లో పుట్టిన టాలీగంజ్ క్లబ్బు తోటలు కూడా ఒకప్పుడు ఆ కుటుంబం ఉన్నవే. వంశం పెరిగింది, భరణం తరిగింది. టిప్పు వంశీకులు కొందరు ఈ ఊళ్ళోనే రిక్షా తొక్కి పొట్టపోసుకుంటున్నారని పత్రికల్లో చదివినవారు మనలో ఉన్నారు.

స్టేషను బయటకు వచ్చి కొద్ది దూరం నడిస్తే ఇంకొక మసీదు. ధర్మతలాలో చూసినదే మళ్ళీ చూస్తున్నామా అనిపిస్తుంది. అవే గుమ్మటాల వరుసలు, అవే మీనార్లు. ఇదీ గులాం ముహమ్మద్ కట్టించినదే, ఇంచుమించు ఆ కాలంలోనిదే. ఒకటి ఊరి జనానికి, ఒకటి ఇంటి దగ్గర. ఆయన 1872 ఆగస్టులో కన్నుమూశారు. అసర్ వేళకు చేరుకునేలా బయలుదేరితే జమాత్ దొరుకుతుంది. తిరిగి ఎస్ప్లనేడ్ చేరి మగ్రిబ్ పెద్ద మసీదులో చేసుకోవచ్చు. రైలు ప్రయాణం పావుగంటకు కొంచెం ఎక్కువ.