బాడీ అండ్ సోల్

అమెరికాలో నల్లజాతి క్రైస్తవ సంఘాల ద్వారా పళ్లు, కూరగాయల వాడకం పెంచడానికి నడిచిన ఆహార కార్యక్రమం. పరిశోధనలో ఫలితమిచ్చిన పద్ధతిని ఊరూరా పాకించడం ఎంత కష్టమో దీని చరిత్ర చెబుతుంది.

1981లో పరిశోధకులు రిచర్డ్ డాల్, రిచర్డ్ పీటో అమెరికా క్యాన్సర్ మరణాల్లో సుమారు 35 శాతానికి తిండితో సంబంధం ఉండొచ్చని అంచనా కట్టారు. అది 10 నుంచి 70 శాతం దాకా ఎంతైనా కావచ్చనీ వాళ్లే అన్నారు. ఆ రెండో మాట జనానికి గుర్తులేదు. 1988లో కాలిఫోర్నియాలో పళ్లు, కూరగాయలు రోజుకు ఐదు సర్వింగులు తినమనే 'రోజుకు ఐదు' ప్రచారం మొదలై, 1991లో జాతీయ క్యాన్సర్ సంస్థ అండతో దేశమంతా పాకింది.

ప్రచారం వేరు, అలవాటు మారడం వేరు. నార్త్ కరొలైనాలో 50 చర్చిల్లో, అట్లాంటాలో 14 చర్చిల్లో అలవాటు మార్చే ప్రయోగాలు వేర్వేరుగా జరిగాయి. పరిశోధకులు మార్సీ క్యాంప్‌బెల్, కెన్ రెస్నికోవ్ వాటిలో పనికొచ్చినవి ఏరి ఈ కార్యక్రమం కూర్చారు. పాస్టరే ముందుండి నడిపించాలి. ఆరాధన తర్వాత సంఘమంతా కలిసి తినే భోజనంలో (మన చర్చిల్లో ప్రేమవిందు లాంటిది) పళ్లు, కూరలు ఉండాలి. వంట నేర్పే తరగతులు జరగాలి. సంఘస్తుల్లోంచే శిక్షణ పొందినవాళ్లు తోటివాళ్లతో మాట్లాడాలి. 'ఇది తిను' అని నీతులు చెప్పకుండా, ఏం మార్చుకోగలవో నువ్వే చెప్పు అని అడగడమే ఆ మాటల కిటుకు. 2004లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆరు నెలలకు ఈ కార్యక్రమం నడిచిన చర్చిల సభ్యులు, నడవని చర్చిల సభ్యులకన్నా రోజుకు 0.7 నుంచి 1.4 సర్వింగులు ఎక్కువ తిన్నారు. తేడా ఎంతన్నది కొలిచిన ప్రశ్నావళిని బట్టి మారింది.

ఆ తర్వాత చర్చిలే సొంతంగా నడుపుకునేలా దీన్ని దేశానికి అందించారు. చిక్కు అక్కడే వచ్చింది. అలా సొంతంగా నడుపుకున్న చర్చిల్లో జరిపిన అధ్యయనంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఈలోగా కార్యక్రమానికి మూలమైన ఆధారమే కాస్త బలహీనపడింది: పళ్లు, కూరగాయలు క్యాన్సర్‌ను అడ్డుకుంటాయన్న ఆధారాన్ని 1997లో 'నమ్మదగినది' అన్న ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి, 2007లో 'బహుశా' స్థాయికి దించింది. 2010లో వచ్చిన పెద్ద ఐరోపా అధ్యయనంలో రోజుకు 200 గ్రాములు ఎక్కువ తినడానికి, క్యాన్సర్ ముప్పు సుమారు 3 శాతం తగ్గడానికి మాత్రమే సంబంధం కనబడింది.