లూథర్ అనువాదంలో ఒక అదనపు పదం: విశ్వాసం, క్రియలు, వ్యాఖ్యానాధికారం

మనిషి దేవుని ఎదుట నీతిమంతుడుగా ఎంచబడేది విశ్వాసం వల్లనా, విశ్వాసంతోపాటు సత్క్రియల వల్లనా అన్నది పదహారో శతాబ్దపు మతసంస్కరణోద్యమం లేవనెత్తిన ప్రధాన ప్రశ్న. ఈ వివాదం సిద్ధాంతగ్రంథాలకే పరిమితం కాలేదు. ఒక అనువాదంలో చేరిన ఒకే ఒక్క మాట చుట్టూ కూడా నడిచింది. ఆ మాట చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అనువాదం - ఆక్షేపణ

మార్టిన్ లూథర్ వార్ట్‌బుర్గ్ కోటలో అజ్ఞాతంగా ఉన్న కాలంలో, ఎరాస్మస్ ప్రచురించిన గ్రీకు మూలం ఆధారంగా కొత్త నిబంధనను జర్మన్‌లోకి అనువదించాడు. అది 1522 సెప్టెంబరులో విట్టెన్‌బర్గ్‌లో వెలువడింది. ధర్మశాస్త్ర క్రియలతో నిమిత్తం లేకుండా మనిషి విశ్వాసం వల్ల నీతిమంతుడవుతాడని పౌలు చెప్పిన చోట (రోమీ. 3:28) లూథర్ ‘మాత్రమే’ అని అర్థమిచ్చే ‘అలైన్’ అనే పదాన్ని చేర్చాడు. గ్రీకు మూలంలో ఆ పదం లేదు. దైవవాక్యానికి సొంత మాట కలిపాడని ప్రత్యర్థులు ఆక్షేపించారు. వారిలో ముఖ్యుడైన హీరోనిముస్ ఎమ్సెర్ 1523లో ఆ అనువాదాన్ని ఖండించి, 1527లో తానే ఒక కొత్త నిబంధనను ప్రకటించాడు. విశేషమేమంటే అందులోని జర్మన్ చాలావరకు లూథర్‌దే.

లూథర్ సమాధానం

1530లో కోబుర్గ్ కోట నుంచి రాసిన బహిరంగలేఖలో లూథర్ రెండు సమాధానాలిచ్చాడు. మొదటిది భాషాపరమైనది. ఒకదాన్ని ఒప్పుకొని మరొకదాన్ని కాదనేటప్పుడు జర్మన్‌లో ‘మాత్రమే’ అనడం సహజం. రైతు ధాన్యం మాత్రమే తెచ్చాడు, డబ్బు తేలేదు అన్నట్టు. జర్మన్ ఎలా పలకాలో ఇంట్లో తల్లినీ, వీధిలో పిల్లలనూ, అంగడిలో సామాన్యుణ్ణీ అడిగి తెలుసుకోవాలి తప్ప లాటిన్ అక్షరాలను కాదని అతని వాదం. రెండోది సిద్ధాంతపరమైనది. పౌలు వాదసారమే ఆ మాటను కోరుతుందనీ, ఆంబ్రోస్, అగస్టీన్‌లు తనకు ముందే అలా చెప్పారనీ అన్నాడు. ఈ రెండు సమాధానాలూ ఒకదానికొకటి పూర్తిగా పొసగవు. అది కేవలం నుడికారమైతే దానిపై సిద్ధాంతభారం మోపనవసరం లేదు. సిద్ధాంతమే అయితే అది అనువాదంతోపాటు వ్యాఖ్యానం కూడా అవుతుంది.

‘విశ్వాసం మాత్రమే’ అన్న పదబంధం గ్రీకు కొత్త నిబంధనలో కనిపించేది యాకోబు పత్రికలో (2:24). అక్కడ అది నిషేధార్థంలో ఉంది. 1522 నాటి పీఠికలో లూథర్ ఆ పత్రికను, ప్రధాన గ్రంథాలతో పోలిస్తే, గడ్డితో సమానమన్నాడు. దాన్ని తొలగించలేదు గాని గ్రంథం చివరికి జరిపాడు. క్రీస్తును బోధించడమే అతని కొలమానం. ఆ కొలమానాన్ని నిర్ణయించే అధికారం ఎవరిదన్నదే వివాదానికి కేంద్రం. ట్రెంట్ మహాసభ 1546 ఏప్రిల్‌లో లేఖనార్థ నిర్ణయం సంఘానిదని ప్రకటించింది. 1547 జనవరిలో, కృపతో మనిషి సహకారం అక్కరలేదన్న అర్థంలో కేవల విశ్వాసవాదాన్ని ఖండించింది.

తెలుగులో ఏకారం

నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న తెలుగు బైబిలులో రోమీయుల పత్రిక వచనంలో ‘విశ్వాసమువలననే’ అన్న రూపం ఉంది. ఇక్కడ అదనపు పదం లేదు. అవధారణార్థకమైన ఏకారం ఉంది. యాకోబు వచనంలో మాత్రం ‘మాత్రము’ అన్న పదమే వచ్చింది. నిషేధం పక్కన అవధారణ సహజమన్న లూథర్ సూత్రానికి ఇది కొంత బలమిస్తుంది. అయితే తెలుగు ఏకారం ఇతరాన్ని మినహాయించగలదు, ఉన్నదాన్ని నొక్కి మాత్రమే చెప్పగలదు. అందువల్ల జర్మన్‌లో బహిరంగంగా కనిపించి వివాదాస్పదమైన నిర్ణయం తెలుగులో ఒక ప్రత్యయంలో ఒదిగిపోయింది.

ముగింపు

1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్, కథోలిక ప్రతినిధులు నీతిమత్వ సిద్ధాంతంపై ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. రక్షణ కృపామూలకమనీ, సత్క్రియలు దాని ఫలాలనీ మౌలికంగా అంగీకరించారు. రక్షణ విషయంలో దూరం తగ్గినా, లేఖనార్థాన్ని తేల్చే అధికారం ఎవరిదన్న ప్రశ్న ఆ ప్రకటనతో ముగియలేదు. ఒక చిన్న అవధారణ కూడా అర్థనిర్ణయమే కనుక, తెలుగు బైబిలు అనువాదాల అధ్యయనంలో ప్రత్యయాలను సైతం సిద్ధాంతచరిత్రకు ఆధారాలుగా పరిగణించవలసి ఉంది.