దిగువయూరి నీరు

ఇల్లూడ్చిన చెత్తను ప్రక్కయింటి గుమ్మమున బోసి, తన యిల్లు శుభ్రమైనదని సంతోషించు గృహస్థుని మనము మెచ్చుకొనము. పందొమ్మిదవ శతాబ్దమున లండను మహానగరము ఇంచుమించుగా నా పనినే చేసెను. చరిత్రకారులు దానిని నేటికిని ప్రశంసించుచునే యున్నారు. ఆ ప్రశంస యన్యాయమని మేమనము. దిగువయూరివారి మాట కూడ వినవలయునని మాత్రమే మా కోరిక.

పూర్వము లండనులో నిండ్ల క్రింద మలగుంట లుండెడివి. కూలివాండ్రు వానిని రాత్రులందు త్రవ్వి, ఆ మలమును పొలములకు ఎరువుగా చేర్చుచుండిరి. నీటితో కడుగు మరుగుదొడ్లు వ్యాపించిన పిమ్మట గుంటలు పొంగి పొరలినవి. మురుగును కాలువలలోనికి విడువవలసినదని యధికారులే విధించిరి. కాలువలన్నియు థేమ్సు నదిలో బడినవి. ఆ నదినీటినే కొన్ని కంపెనీలు జనులకు త్రాగుటకు సరఫరా చేయుచుండెను! 1848-49లోను, 1853-54లోను కలరా వచ్చి, ప్రతిసారియు పదివేలకు పైగా ప్రాణములు గొనెను. రోగము నీటిమూలమున వచ్చుచున్నదని జాన్ స్నో అను వైద్యుడు చెప్పెను గాని, దుర్గంధమే రోగకారణమని నమ్మిన పెద్దలు చెవినిబెట్టలేదు.

విచిత్రమేమనగా, ఆ తప్పు నమ్మకమే పని చేయించినది. 1858 వేసవిలో నది కంపు భరింపరానిదయ్యెను. పార్లమెంటు భవనపు తెరలను సున్నపు క్లోరైడు ద్రావణములో ముంచి వ్రేలాడగట్టిరి. ఏండ్ల తరబడి నానుచుండిన సంగతికి కొలది దినములలోనే చట్టము పుట్టినది. పేదల పేటలలో వేలమంది చచ్చినప్పుడు కదలని ప్రభువులు తమ ముక్కులకు సోకగనే కదలిరి.

జోసెఫ్ బాజల్జెట్ అను ఇంజనీరు సుమారు 82 మైళ్ల పొడవున ఇటుక సొరంగములు కట్టించి, మురుగును నగరమునకు తూర్పున బెక్టన్, క్రాస్‌నెస్ అనుచోట్లకు గొంపోయెను. అచ్చట తొట్లలో నిలిపి, పోటు తగ్గి నీరు సముద్రమువైపు మరలు వేళ నదిలోనికి విడిచెడివారు. 1866లో కలరా మరల వచ్చినప్పుడు, ఈ పని పూర్తికాని తూర్పు పేటలందే విజృంభించెను. నగరమునకు కలిగిన మేలు గొప్పది. కాని మురుగు చోటు మారినదే గాని శుద్ధి కాలేదు.

బెక్టన్ ప్రక్కనున్న బార్కింగు గ్రామస్థులు 1869లో మొఱపెట్టుకొనిరి. విచారణ జరిగెను, మురుగు మాత్ర మాగలేదు. 1878 సెప్టెంబరు 3వ తేదీ సాయంకాలమున 'ప్రిన్సెస్ ఆలిస్' అను విహారనౌక ఆ తావుననే మఱియొక యోడ తాకిడికి విఱిగి మునిగెను. మురుగును నదిలోనికి వదలి అప్పటికి గంటసేపే యయ్యెను. ఆఱువందలకు పైగా జనులు, స్త్రీలు, పసిబిడ్డలు, ఆ నీటిలో మరణించిరి. నది యెట్టిదో యప్పుడు ప్రజలు కన్నులార చూచిరి.

తరువాత సున్నము, ఇనుపలవణము కలిపి మడ్డిని పేర్చి, 1887 మొదలు నౌకలలో సముద్రమునకు తీసికొనిపోయి పోయసాగిరి. మొదటి నౌక పేరు 'బాజల్జెట్'! దిగువయూరు పోయి సముద్రము వచ్చినది. ఈ యాచారము 1998 వరకు సాగెను.

మడ్డి తీసినను నీటిలో కరగిన కల్మషము మిగులును. సూక్ష్మజీవులు దానిని తినునప్పుడు నీటియందలి ప్రాణవాయువును వాడుకొనును; అది తఱిగినచో చేపలు బ్రదుకవు. ఆ జీవులచేత నదిలో గాక తొట్టిలోనే ఆ పని చేయించుట యుక్తమని 1914లో మాంచెస్టరునందు ఆర్డెర్న్, లాకెట్ అనువారు నిరూపించిరి. మురుగులోనికి గాలి నూది, అడుగున దిగిన మడ్డిని పాఱవేయక, క్రొత్త మురుగునకు తోడువలె మరల మరల వాడిరి. మన గృహిణులకు ఈ యుపాయము క్రొత్తది గాదు. పాలు తోడుపెట్టుటయు నిట్టిదే గదా! మొదట అయిదు వారములు పట్టిన శుద్ధి తుదకు ఒక్క దినములోపల ముగిసినది.

విద్య తెలిసినను ధనము వెచ్చించుటకు నగరము తొందరపడలేదు. 1957లో లండనులోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలవారు అచ్చటి నదిని జీవరహితముగా ప్రకటించిరి. పిదపనే శుద్ధిశాలలను విస్తరించిరి. 1974లో థేమ్సులో సాల్మను చేప యొకటి దొరకినప్పుడు, అది పత్రికలలో వార్తయైనది.